వ్యాకరణములో లింగము, సమాజములో స్త్రీ

విశ్వవిద్యాలయములలో నేడు ‘జెండర్’ అను పేర ఒక అధ్యయనము సాగుచున్నది. ఆంగ్లమున ఈ మాట మన ‘లింగము’ వలె వ్యాకరణమునకు చెందినది. పుట్టుకతో వచ్చిన భేదము వేరు, దానిపై సమాజము మోపిన కట్టుబాట్లు వేరు అని చూపుటకు 1970 దశకమున స్త్రీవాదులు దానిని ప్రచారమునకు తెచ్చిరి.

తెలుగున ‘ఆమె వచ్చినది’, ‘ఆవు వచ్చినది’ అనుటలో క్రియ ఒక్కటే. బహువచనమున మాత్రము ‘వారు వచ్చినారు’ అని స్త్రీలు పురుషుల సరస చేరుదురు. తెలుగునకు దగ్గరి చుట్టమై, ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరున వినిపించు గోండిలో ఆ మినహాయింపును లేదు. బహువచనమునను స్త్రీలది పురుషేతర వర్గమే.

అంతమాత్రమున గోండు స్త్రీ స్థితి హీనమనవచ్చునా? 1947లో వెరియర్ ఎల్విన్ ప్రకటించిన గ్రంథము బస్తరు మురియాల ఘోటుల్‌ను వర్ణించినది. అది పెండ్లికాని యువతీయువకుల నిలయము. అందు మోతియారీలనబడు కన్యలకు స్వేచ్ఛయు, తమలో నొక నాయకురాలును కలరు. అయినను పెండ్లి సాధారణముగా పెద్దలు కుదిర్చినదే యని ఆ గ్రంథమే తెలుపును.

కనుక వ్యాకరణమును చూచి జాలిపడుటయు, ఘోటుల్‌ను చూచి మురియుటయు రెండును తొందరపాటే. పొలము ఎవరిది, వరుని ఎన్నుకొనునది ఎవరు, కథ చెప్పినది ఎవరు అని అడుగుటయే ఈ విద్య. మోతియారీ మాట మనకు ఒక ఆంగ్లేయ పురుషుని కలము మీదుగా వచ్చినది. అడవి బిడ్డను నాయికగా నిలుపు తెలుగు రచయిత మొదట తేల్చుకొనవలసినది ఆమె సౌందర్యము కాదు. ఆమె మాట తాను ఎవరి నోట విన్నాడన్నది.