లంక ఇల్లు నేర్పిన గృహాలంకరణ

వేసవి సెలవుల్లో తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల కుటుంబాలు సూర్యలంక తీరానికో, కృష్ణానది పాయల నడుమ ఉన్న లంకలకో వెళ్ళి వస్తూ ఉంటాయి. తిరిగి వచ్చేటప్పుడు సంచిలో గవ్వలు, శంఖాలు, తాటాకు బుట్టలు ఉంటాయి. అక్కడి చల్లదనం మన ఇంట్లోకీ వస్తే ఎంత బాగుండునన్న కోరిక మనసులో ఉంటుంది. కోరిక మంచిదే. అయితే అక్కడి నుండి ఏది తెచ్చుకోవాలో, ఏది తెచ్చుకోకూడదో తెలియకపోతే అలంకరణే అనారోగ్యానికి కారణం కావచ్చు. నా ఇంట్లోనే అట్లా జరిగింది కనుక ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

లంకలో ఒక మధ్యాహ్నం

కొన్నేళ్ళ క్రితం మే నెలలో రేపల్లె వైపు నుండి పడవమీద ఒక లంకకు వెళ్ళి, మత్స్యకారుల ఇంట ఒక పూట గడిపాను. మట్టి గోడలు, తాటాకు కప్పు. చూరు ఎంత కిందికి దిగి ఉన్నదంటే తల వంచనిదే లోపలికి పోలేము. పేడతో అలికిన నేల. ఒక మూల నీళ్ళకుండ, పైన ఉట్టి, గోడవారగా చుట్టిపెట్టిన తుంగచాపలు. అంతే. బయట ఎండ నిప్పులు చెరుగుతున్నా లోపల హాయిగా నిద్ర పట్టింది.

ఆ చల్లదనానికి కారణాలు ఉన్నాయి. దట్టంగా పరచిన తాటాకు పొరల నడుమ నిలిచిన గాలి ఎండవేడిని లోపలికి దిగనీయదు. వాలిన చూరు గోడమీద ఎండ పడనీయదు. పగటివేళ నేల సముద్రం కంటె త్వరగా వేడెక్కుతుంది. నేలమీది వేడిగాలి పైకి లేవగా, సముద్రంమీది చల్లగాలి ఆ చోటికి వస్తుంది. ఎదురెదురుగా ఉన్న వాకిలి, కిటికీల గుండా ఆ గాలి ఇల్లంతా తిరిగిపోతుంది. దానికి అడ్డువచ్చే సామాను ఆ ఇంట్లో లేదు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ సంగతిని ఈ తీరం మరువలేదు. గాలివాన వస్తే ఈ ఇంట్లో ఎట్లా ఉంటారని అడిగాను. ఇంటి యజమాని ఊరి మధ్యనున్న పక్కా భవనం వైపు చేయి చూపి, "ఎండకు ఈ గుడిసె, గాలివానకు ఆ డాబా, బాబుగారూ" అన్నాడు. ఆ మాటలో వైద్యం ఉన్నదని అప్పుడు నాకు తోచలేదు.

నేను చేసిన పొరపాటు

తెనాలి చేరిన వారంలోనే మా ఇంటిని లంక ఇల్లుగా మార్చబూనాను. కిటికీలకు తడిపిన వట్టివేళ్ళ తడికలు, పడకగది గోడలకు చాపలు, నేలమీద చాపలు, మూలమూలలా నీటి పళ్ళేలలో పూలు. పడమటి వడగాలి వీచినన్నాళ్ళు ఇల్లు చలువపందిరిలా ఉన్నది. వచ్చినవారందరూ మెచ్చుకున్నారు.

శ్రావణమాసం వచ్చింది. ఆరేళ్ళ మా మనుమడికి రాత్రివేళ దగ్గు, పిల్లికూతలు మొదలయ్యాయి. పిల్లల వైద్యుడు ఇచ్చిన మందుతో తగ్గేవి, మళ్ళీ వచ్చేవి. నేను కషాయాలు మార్చాను, పథ్యం మార్చాను. మూడు వారాలు గడిచాక ఒకనాడు మా కోడలు గది శుభ్రం చేస్తూ, మంచం వెనుక గోడకున్న చాపను తొలగించింది. "మామయ్యగారూ, ఒకసారి ఇటు చూడండి" అని పిలిచింది. చాప వెనుక గోడంతా నల్లగా బూజు పట్టి, ముక్కవాసన కొడుతున్నది.

రోగకారణాన్ని తొలగించడమే చికిత్సకు సారమని సుశ్రుత సంహిత బోధిస్తున్నది. నా వద్దకు వచ్చిన ప్రతి రోగికీ ఆ మాట చెప్పిన నేను, నా మనుమడి మంచం వెనుకకు చూడలేదు. చాపలన్నీ తీసివేసి, గోడ ఆరనిచ్చి, సున్నం వేయించాము. మందు మానలేదు. క్రమంగా పిల్లవాడి రాత్రులు నెమ్మదించాయి.

తప్పు ఎక్కడ జరిగింది?

తడిపిన వట్టివేళ్ళలోని నీరు ఆవిరి అవుతూ గాలిలోని వేడిని గ్రహిస్తుంది. గాలి పొడిగా ఉన్నప్పుడే ఇది సాగుతుంది. గాలిలో చెమ్మ నిండి ఉంటే నీరు ఆవిరి కాదు. చలువ రాదు, తడి మాత్రం మిగులుతుంది. తీరగ్రామాలలో వేసవిలో సైతం చెమ్మ ఎక్కువే. ఆ లంక ఇంట్లో నేను ఒక్క తడి తడికనైనా చూడలేదన్న సంగతి అప్పుడు స్ఫురించింది. వారు నమ్ముకున్నది నీడను, గాలిని, తడిని కాదు. చాపలు సైతం పరచి లేవు, చుట్టిపెట్టి ఉన్నాయి.

గ్రీష్మంలో పగలు చల్లని గృహంలో, రాత్రి వెన్నెల సోకే మేడమీద శయనించమన్న చరకాచార్యులు, వర్షఋతువులో చెమ్మలేని చోట నివసించమన్నారు. గురుకులంలో తొలకరికి ముందే తడికలు విప్పి, ఎండబెట్టి, అటక ఎక్కించడం శిష్యుల పని. దానిని చాకిరీ అనుకున్నాను. అది ఋతుచర్యలో పాఠమని అరవై దాటాక తెలిసింది. లంకలోని ఆ మత్స్యకారుడు చెప్పినదీ అదే.

గృహిణులు, గృహస్థులు పాటించదగినవి

1. పడమటి కిటికీకి లోపల మందపాటి తెర కంటె బయట వెదురు తడికగాని తాటాకు తడికగాని మేలు. వేడి బయటనే ఆగిపోతుంది.

2. ఎదురెదురు కిటికీల నడుమ బీరువాలు పెట్టకండి.

3. వట్టివేళ్ళ తడికలు పొడిగాలి వీచే రోజుల్లో మాత్రమే తడపండి. తరచు ఎండలో ఆరబెట్టండి. తొలకరికి తీసి దాచండి.

4. చాపలను గోడలకు బిగించకండి. పని తీరగానే చుట్టి, వారానికొకసారి ఎండవేయండి.

5. గోడలకు తెల్లని సున్నం అందం, ఆరోగ్యం కూడా. సున్నపు క్షారగుణం వల్ల బూజు త్వరగా పట్టదు. వేసేటప్పుడు కళ్ళలో పడకుండా జాగ్రత్త వహించాలి.

6. పూలు వేసిన పళ్ళేలలో నీరు ప్రతిరోజూ మార్చండి. నిలిచిన నీటిలో వారం పది రోజుల్లో దోమలు తయారవుతాయి.

7. ప్రాణమున్న గవ్వలను, శంఖాలను తేవద్దు. కొన్ని జాతుల శంఖాలకు, పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నది.

ఉబ్బసం ఉన్నవారు ఇల్లు మార్చామన్న ధైర్యంతో వైద్యుడిచ్చిన మందులు మానరాదు. మాట్లాడడానికి ఊపిరి చాలనప్పుడు ఇంటి చికిత్సలతో కాలం గడపక, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఈసారి లంకకు వెళ్ళినప్పుడు ఆ ఇంట్లో ఏమేమి ఉన్నాయో చూడడంతో సరిపెట్టకండి. ఏమేమి లేవో కూడా చూసి రండి.