పెట్టె అడుగున అంటించిన కాగితం

ఇంట్లో మోడెం, వైఫై రూటర్ పెట్టించుకోవడంపై ముఖచిత్ర కథనం కావాలి, గురువారం సాయంత్రానికి ఇచ్చేయాలి అన్నారు ఎడిటర్ గారు. ఏ కంపెనీ మేలు, ఏ ప్లాన్ చవక అన్న లెక్కలతోనే మొదలుపెట్టాను. విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్లో కొత్త కనెక్షన్ ఇస్తుంటే దగ్గరుండి చూశాక ఆ లెక్కలన్నీ పక్కన పెట్టేశాను.

‘‘అంకుల్, పాస్‌వర్డ్ మీ ఫోన్ నంబరే పెట్టేశా, మర్చిపోరు’’ అన్నాడు కనెక్షన్ ఇచ్చే కుర్రాడు. ఇంటాయన సరేనన్నారు. పెట్టెను గోడకు బిగించడంతో అడుగున ఉన్న స్టిక్కర్ గోడవైపు తిరిగిపోయింది. దాన్ని ఎవరూ చదవలేదు.

అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన ఆ స్టిక్కర్‌లో ఇంటి నెట్ సంగతంతా ఉంటుంది. పైన మోడల్, సీరియల్ నంబర్లు. వాటి కింద అంకెలూ అక్షరాలూ కలిసి పన్నెండున్న మ్యాక్ అడ్రస్. అందులో మొదటి ఆరింటిని బట్టి తయారీదారు ఎవరో చెప్పొచ్చు. ఆ తర్వాత వైఫై పేరు, దాని పాస్‌వర్డ్. చివర్న చాలా పెట్టెల మీద 192.168.1.1 అని ఉంటుంది. లక్షల ఇళ్లలో ఇదే నంబరున్నా తగువు రాదు. ఇంటి లోపలి వాడకానికే ఇలాంటి నంబర్లను 1994లో విడిగా కేటాయించారు, గడప దాటితే అవి చెల్లవు.

ఆ నంబరును ఫోన్ బ్రౌజర్‌లో కొడితే రూటర్ లోపలి పేజీ తెరుచుకుని మరో పాస్‌వర్డ్ అడుగుతుంది. చాలామందికి తెలియనిది ఇదే: పాస్‌వర్డ్‌లు రెండు. ఒకటి నెట్ వాడుకోవడానికి, రెండోది రూటర్‌నే ఏలడానికి. ఈ రెండోది పాత పెట్టెల్లో తరచూ ‘అడ్మిన్’ అనే ఉంటుంది. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలా ఎవరూ మార్చని పాస్‌వర్డ్‌లనే వరసగా ప్రయత్నించి, లక్షల కెమెరాలను, రూటర్లను చేజిక్కించుకుంది.

ఇక ఫోన్ నంబరు సంగతి. పాలవాడి నుంచి వాచ్‌మన్ దాకా అందరి దగ్గరా ఉండేదాన్ని రహస్యం అనలేం. తెలియనివాడికి కూడా పది అంకెలే, అందులో మొదటిది 6, 7, 8, 9లలో ఒకటే. మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్‌కు అన్నీ ప్రయత్నించడం కొద్ది గంటల పని.

ఇంటి వైఫై పరాయివాళ్ల చేతికి చిక్కితే ఏమవుతుందో 2008లోనే చూశాం. ఆ ఏడాది జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు నిమిషాల ముందు వచ్చిన బెదిరింపు మెయిల్ ఆచూకీ తీస్తే, నవీ ముంబైలో ఓ అమెరికా పౌరుడి ఇంటి వైఫై తేలింది. ఆయనకు ఏ సంబంధమూ లేదు. అయినా పోలీసులు మొదట తట్టింది ఆయన తలుపే. ఈ ఒక్క కేసు చాలు, పాస్‌వర్డ్‌ను నేను తేలిగ్గా తీసుకోకపోవడానికి.

ఈ పెట్టె మన ఇళ్లకు ఎలా వచ్చిందో రెండు ముక్కల్లో: ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న జనానికి ఇంటర్నెట్ తెచ్చింది. 2005లో కేంద్రం 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి లైసెన్సు అక్కర్లేదంది. తర్వాత ఫోన్ తీగ పోయి ఫైబర్ వచ్చింది, ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ దాన్ని కరెంటు స్తంభాల మీదుగా పల్లెలకు తీసుకెళ్లింది. మోడెం, రూటర్ ఇప్పుడు చాలా ఇళ్లలో ఒకే పెట్టె.

పెట్టె ఎక్కడ?

ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో. ఇనప బీరువా వెనకా, ఫ్రిజ్ పక్కనా వద్దు. మైక్రోవేవ్ ఆడుతుంటే 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తడబడుతుంది. 5 గిగాహెర్ట్జ్ వేగమైనదే కానీ గోడలు దాటడంలో బలహీనం. పెట్టె మీది ఎల్ఓఎస్ దీపం ఎర్రగా వెలిగితే ఫైబర్‌లో వెలుతురు అందడం లేదని అర్థం, రూటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు, ఆపరేటర్‌కు ఫోన్ చేయాల్సిందే.

కుర్రాడు వెళ్లేలోపు

పెట్టె గోడకెక్కకముందే స్టిక్కర్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. రెండు పాస్‌వర్డ్‌లూ మార్చే పద్ధతి చూపించమని అడగండి, కొత్తవి మాత్రం మీరే కొట్టండి. వైఫై భద్రతకు డబ్ల్యూపీఏ3 ఉంటే అది, లేకపోతే డబ్ల్యూపీఏ2 పెట్టించండి. పాస్‌వర్డ్ కొట్టకుండానే బటన్ నొక్కి కలిపే డబ్ల్యూపీఎస్‌ను ఆపించండి. చుట్టాలకు గెస్ట్ వైఫై విడిగా ఇవ్వండి. ఇదంతా పావుగంట పని. అది అయ్యేదాకా కుర్రాణ్ని కూర్చోబెట్టి కాఫీ ఇవ్వండి.