‘డ్రై’ అంటే పొడి ఒక్కటేనా?

ఇంట్లో తెలుగు, బడిలో తమిళం వినే తమిళనాడులోని ధర్మపురి పిల్లలైనా, అనంతపురం పిల్లలైనా ‘డ్రై’ అనే ఇంగ్లీషు విశేషణానికి ‘పొడి’ అనే అర్థం చెబుతారు. అది సరైనదే, కానీ చాలదు. ధర్మపురి నేల సంగతి చూస్తే ఈ మాట స్వభావం బాగా తెలుస్తుంది.

1792లో శ్రీరంగపట్నం సంధితో ధర్మపురి ఉన్న బారామహల్ ప్రాంతం టిప్పు సుల్తాన్ నుంచి ఈస్టిండియా కంపెనీకి వచ్చింది. కంపెనీ అధికారి అలెగ్జాండర్ రీడ్, ఆయన సహాయకుల్లో ఒకరైన థామస్ మన్రో అక్కడ పొలాలు కొలిపించి శిస్తు నిర్ణయించారు. తర్వాత మన్రో ఆ అనుభవంతోనే రాయలసీమకు వచ్చారు. రెవెన్యూ లెక్కల్లో చెరువు, కాలువ పారే నేల ‘వెట్’. వాననే నమ్ముకున్నది ‘డ్రై’. మన మాటల్లో మాగాణి, మెట్ట. తమిళంలో నంజై, పుంజై.

ముసురు పట్టి బురదైనా మెట్ట ‘డ్రై ల్యాండ్’ కిందే లెక్క. రాగులు, సామలు, ఉలవలు పండే ఆ నేలలో తడి లేదని కాదు, పారుదల లేదని దాని అర్థం.

కాబట్టి ‘డ్రై’ కనిపించగానే ‘ఏది లేదు?’ అని అడగాలి. జవాబు పక్కనున్న నామవాచకంలో ఉంటుంది. డ్రై కాఫ్‌లో కఫం లేదు. డ్రై స్కిన్‌లో జిడ్డు లేదు. అందుకే దాని వ్యతిరేకం ఆయిలీ స్కిన్. డ్రై వైన్‌లో తీపి లేదు; వ్యతిరేకం స్వీట్. డ్రై స్పీచ్‌లో రసం లేదు.

ధర్మపురి జిల్లా 1965 అక్టోబర్ 2న ఏర్పడింది. గాంధీ జయంతి కనుక ఏటా ఆ రోజు మద్యం దుకాణాలు మూసే ‘డ్రై డే’. వాన కుండపోతగా కురిసినా ఆ పేరు మారదు. అదే లండన్ వాతావరణ వార్తల్లో డ్రై డే అంటే వాన పడని రోజు.

‘డ్రైడ్’ వేరు. తడిగా ఉన్నదాన్ని ఎండబెడితే డ్రైడ్: ఎండు చేపలు డ్రైడ్ ఫిష్. ఇక పోల్చేటప్పుడు డ్రయర్, డ్రయెస్ట్ అనాలి. ‘మోర్ డ్రై’ అనరు.

విశేషణాన్ని ఒంటరిగా బట్టీ పట్టకండి. నామవాచకంతో కలిపి, పక్కనే వ్యతిరేక పదాన్నీ రాసుకోండి. అప్పుడు సందర్భానికి తగిన అర్థం తడుముకోకుండా తడుతుంది.