మంచులో స్నేహపు ఆట

డిసెంబరు సెలవుల్లో మిన్నెసోటాలోని తమ్ముడి ఇంటికి వెళ్లినప్పుడు డిస్క్ గోల్ఫ్ చూశాను. ప్లాస్టిక్ డిస్కు విసిరి, గొలుసులు వేలాడే బుట్టలో పడేయాలి. తక్కువసార్లు విసిరి 18 బుట్టలు పూర్తిచేసినవారే విజేత. వేసవి పోటీలో లెక్క తేడా వచ్చి, తమ్ముడూ అతని స్నేహితుడూ నెలరోజులు మాట్లాడుకోలేదట!

చలికాలంలో అందరి స్కోర్లూ చెడతాయి. చల్లగాలికి సాంద్రత ఎక్కువ, డిస్కు దూరం పోదు. ప్లాస్టిక్ గట్టిపడుతుంది, వేళ్లు కొంకర్లు పోతాయి. మంచులో దొరకడానికి డిస్కుకు రిబ్బను అతికిస్తారు.

అయినా తమ్ముడి డిస్కు మంచులో కూరుకుపోయింది. ఆ స్నేహితుడే మోకాళ్లమీద కూర్చుని తవ్వితీశాడు. ఆ తర్వాత స్కోరు ఎవరూ రాయలేదు.

మార్చి ముగింపు లెక్కలయ్యాక మన శాఖలోనూ స్కోరు రాయని క్యారమ్స్ ఆడదామా?