డీఎన్‌ఏ సీక్వెన్సింగ్ చేయించాలా? మిషన్ కంటే ముందు విశ్లేషణ చేసేవారిని వెతకండి

మీరు యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నారు. లేదా ప్రభుత్వ మెడికల్ కాలేజీలో పీజీ డాక్టర్. ఫ్రీజర్‌లో రోగుల రక్త నమూనాలు ఇరవయ్యో ముప్పయ్యో ఉన్నాయి. చేతిలో చిన్న గ్రాంటు ఉంది. డిపార్ట్‌మెంట్‌లో మాత్రం సీక్వెన్సింగ్ మిషన్ లేదు. ఎవరిని అడగాలి?

చాలామంది ముందుగా చేసే పని నాలుగు ల్యాబ్‌లకు మెయిల్ పెట్టి ‘శాంపిల్‌కు ఎంత?’ అని కనుక్కోవడం. ఇది అడగాల్సిందే, కాకపోతే రెండో ప్రశ్నగా. మొదటి ప్రశ్న వేరే ఉంది: వచ్చిన డేటాను ఎవరు విశ్లేషిస్తారు?

మనిషి జీనోమ్‌లో 300 కోట్లకు పైగా అక్షరాలుంటాయి. మిషన్ వాటిని ఒకే వరుసలో చదివి ఇవ్వదు. ఎక్కువ ల్యాబ్‌ల్లో వాడే పద్ధతిలో సుమారు 150 అక్షరాల ముక్కలుగా, ఒక్కో చోటును సగటున 30 సార్లు చదువుతుంది. ఒక్క మనిషి డేటాయే పదుల జీబీలు అవుతుంది. ఆ ముక్కలన్నీ ప్రామాణిక జీనోమ్‌తో సరిపోల్చి చూస్తే ఒక్కొక్కరిలో 40 నుంచి 50 లక్షల తేడాలు బయటపడతాయి. అందులో జబ్బుతో సంబంధం ఉన్నది ఏదో తేల్చడమే బయోఇన్ఫర్మాటిక్స్ పని. హార్డ్‌డిస్క్ చేతికొచ్చాక ‘ఇప్పుడేం చేయాలి’ అని వెతుక్కుంటే ఫెలోషిప్ కాలం కరిగిపోతుంది.

అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. రోగుల నమూనాలన్నీ ఒక విడతలో, ఆరోగ్యవంతులవి ఆరు నెలల తర్వాత మరో విడతలో పంపారనుకోండి. కనిపించే తేడా జబ్బుదా, విడతదా? ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని నమ్మకంగా విడదీయలేదు. రెండు రకాలనూ ప్రతి విడతలో కలిపి పంపాలని విశ్లేషకుడు మొదటి రోజే చెప్పేవాడు. ఆర్ఎన్ఏ ప్రయోగమైతే ఒక్కో గ్రూపుకు కనీసం మూడు వేర్వేరు జీవ నమూనాలు కావాలనీ చెప్పేవాడు.

అసలు పూర్తి జీనోమ్ అవసరమా అన్నదీ అప్పుడే తేలిపోతుంది. కుటుంబంలో ఇప్పటికే తెలిసిన ఒక్క మార్పును నిర్ధారించుకోవడానికైతే పాత సాంగర్ పద్ధతి చాలు. ప్రొటీన్లను తయారుచేసే భాగాలే కావాలంటే ఎక్సోమ్ ఉంది. అది జీనోమ్‌లో రెండు శాతంలోపే కాబట్టి ఖర్చూ డేటా బరువూ తగ్గుతాయి.

ఎక్కడ చేస్తారు?

హైదరాబాద్‌లో ఉన్నవారు ఒక రకంగా అదృష్టవంతులు. హబ్సిగూడలో సీసీఎంబీ, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ ఉన్నాయి. కొవిడ్ వైరస్ జన్యుక్రమాలను చదివేందుకు 2020 డిసెంబరులో ఏర్పడిన ఇన్సాకాగ్ కూటమిలో ఈ రెండూ ఉన్నాయి. బెంగళూరులో సీ-క్యాంప్, పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణిలో ఎన్ఐబీఎంజీ ఉన్నాయి. ఏ సంస్థలో ఏ పరికరం ఉందో చూడటానికి కేంద్రం నడిపే ఐ-స్టెమ్ పోర్టల్ ఉపయోగపడుతుంది. రేట్లు, వెయిటింగ్ సంస్థను బట్టి మారుతుంటాయి. ఫోన్‌లో చెప్పిన మాట మీద ఆగకుండా రాతపూర్వక కొటేషన్ తీసుకోండి.

అందులో ఏం ఉండాలి? ముడి డేటా, అంటే ఫాస్ట్‌క్యూ ఫైళ్లు, మీకు ఇస్తారా? ఎన్ని రోజుల తర్వాత వాళ్ల సర్వర్ నుంచి తీసేస్తారు? నాణ్యత పరీక్షలో ఫెయిలైన శాంపిల్‌కు డబ్బు కట్టాలా? మిగిలిన డీఎన్‌ఏ తిరిగి పంపుతారా? రిపోర్టు పీడీఎఫ్ ఒక్కటే ఇచ్చి సరిపెట్టే చోటుకు వెళ్లొద్దన్నది మా సలహా. రేపు పేపర్ సమీక్షించేవాళ్లు ముడి డేటా అడిగితే పీడీఎఫ్ చూపించలేరు.

విశ్లేషణకు డబ్బు లేకపోతే?

‘గెలాక్సీ’ అనే ఉచిత వేదికలో కోడ్ రాయకుండానే బ్రౌజర్‌లో చాలా విశ్లేషణలు చేసుకోవచ్చు. చిన్న ప్రాజెక్టులకు ఇది బాగా సరిపోతుంది. పెద్ద లెక్కలకు పుణెలోని సీ-డాక్‌లో బయోఇన్ఫర్మాటిక్స్ కోసం ప్రత్యేక సూపర్‌కంప్యూటింగ్ విభాగం ఉంది. మీ యూనివర్సిటీలోనే తెలిసినవారు ఉంటే ఇంకా మేలు. అయితే వారిని ఊరికే సాయం అడిగి వదిలేయకండి. గ్రాంటు ప్రతిపాదనలోనే విశ్లేషణకు, డేటా నిల్వకు విడిగా డబ్బు చూపించండి. పేపర్‌లో వారి పేరు ఎక్కడ ఉంటుందో ముందే మాట్లాడుకోండి. చివర్లో గొడవలయ్యేది ఎక్కువగా ఇక్కడే.

ఆరోగ్యవంతుల డేటా కోసం కొత్తగా ఒక దారి తెరుచుకుంది. జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో చదివిన 10 వేల మంది భారతీయుల డేటాను ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్‌లో ఉంచారు. 2025 జనవరి నుంచి పరిశోధకులు దరఖాస్తు చేసుకునే వీలు కల్పించారు. మీకు దొరికిన మార్పు మనవాళ్లలో మామూలుగా ఉండేదేనా, అరుదైనదా అని చూసుకోవడానికి ఇది పనికొస్తుంది. మీ ప్రయోగంలో సొంత కంట్రోల్ నమూనాల బదులుగా మాత్రం వాడొద్దు. విడతల సమస్య మళ్లీ వస్తుంది.

నమూనాలు బయటికి వెళ్లే ముందు కాగితాలు సరిచూసుకోండి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. రోగి సంతకం చేసిన అంగీకార పత్రంలో జన్యు పరీక్ష గురించి, డేటా పంచుకోవడం గురించి అర్థమయ్యే భాషలో రాసి ఉండాలి. ‘రక్త పరీక్ష కోసం’ అని మాత్రమే ఉంటే మళ్లీ వెళ్లి అడగాల్సిందే. ట్యూబులపై పేర్లు కాదు, కోడ్‌లే ఉండాలి.

ఆర్ఎన్ఏ నమూనాలను డ్రై ఐస్‌లో పంపుతారు. అది గంటగంటకూ ఆవిరైపోతుంది. కాబట్టి కొరియర్ సోమవారమో మంగళవారమో బుక్ చేయండి. శుక్రవారం పంపిన పెట్టె ఆదివారమంతా గోడౌన్‌లో ఉండిపోవచ్చు.