ఇంటి చదువు: చట్టం చెప్పేదేమి? అందే సాయమెంత?

పిల్లలను బడికి పంపక ఇంటివద్దనే చదివించుకోవాలని కొందరు తల్లిదండ్రులు యోచిస్తున్నారు. అది చట్టవిరుద్ధమా? రేపు పదో తరగతి ధ్రువపత్రం ఎలా వస్తుంది? ప్రభుత్వ సాయం అందుతుందా? వీటికి సమాధానం ముందుగా తెలుసుకోకుంటే నష్టపోయేది బిడ్డే.

శిక్ష లేదు.. గుర్తింపూ లేదు

6 నుంచి 14 ఏళ్ల బాలలకు ఉచిత నిర్బంధ విద్యను ప్రాథమిక హక్కుగా 2002లో 86వ రాజ్యాంగ సవరణ ప్రకటించింది. తదనుగుణంగా 2009లో రూపొందిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్‌ 1 నుంచి అమలులోకి వచ్చింది. బిడ్డను సమీప పాఠశాలలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని చట్టంలోని పదో సెక్షన్‌ పేర్కొంటోంది. అయితే ఆ విధిని పాటించనివారికి ఈ చట్టం ఎటువంటి శిక్షనూ నిర్దేశించలేదు. సాధారణ బాలల ఇంటి చదువును ప్రస్తావించనూ లేదు. కనుక ఈ చట్టం కింద దానికి అనుమతి, నమోదు, తనిఖీ విధానాలేవీ లేవు.

ఇరుగుపొరుగు పిల్లలను చేర్చుకొని గుర్తింపు లేకుండా బడి నడిపితే మాత్రం 18వ సెక్షన్‌ కింద లక్ష రూపాయల వరకు, ఆపైన కొనసాగిస్తే రోజుకు రూ.10 వేల వరకు జరిమానా తప్పదు. ఇంటి చదువు పేరిట బాలలను పనికి పంపితే బాలకార్మిక చట్టం వర్తిస్తుంది.

ధ్రువపత్రానికి దారి

జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్‌) 3, 5, 8 తరగతులకు సమానమైన స్థాయిలతోపాటు పదో తరగతి, ఇంటర్‌ కోర్సులను నిర్వహిస్తోంది. పదో తరగతికి కనీసం 14 ఏళ్లు నిండాలి. ఐదేళ్ల వ్యవధిలో 9 పర్యాయాలు పరీక్ష రాసే అవకాశముంది. రెండు తెలుగు రాష్ట్రాల ఓపెన్‌ స్కూల్‌ సొసైటీలు సైతం పదో తరగతి, ఇంటర్‌ పరీక్షలు జరుపుతున్నాయి.

సాయం ఎవరికి?

మధ్యాహ్న భోజనం, ఉచిత పుస్తకాలు, ఏకరూప దుస్తులు బడి ద్వారానే అందుతాయి. ఇంటివద్ద చదివే సాధారణ బాలలకు ఇవి వర్తించవు.

తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యాలు గల బాలల విషయం వేరు. వారు ఇంటివద్దనే విద్య పొందే హక్కును 2012 సవరణ కల్పించింది. సమగ్ర శిక్ష కింద ప్రత్యేక ఉపాధ్యాయులు ఇంటికి వచ్చి బోధించే ఏర్పాటుంది. వైకల్యం గల బాలికలకు నెలకు రూ.200 చొప్పున ఏటా పది నెలలు ఉపకార వేతనం ఈ పథకంలో ఉంది. మండలాలలోని భవిత కేంద్రాలను, మండల విద్యాధికారిని ఇందుకు సంప్రదించాలి. ఈ హక్కును ఎంచుకోవడం తప్పనిసరి కాదు. బడికి వస్తామంటే చేర్చుకోవలసిందే.

తిరిగి బడికి రావాలంటే..

ఇంటి చదువు సాగనపుడు వెనుదిరిగే దారి మూసుకుపోలేదు. నాలుగో సెక్షన్‌ ప్రకారం బడిలో చేరని బిడ్డను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకొని, తోటివారితో సమానమయ్యేందుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. వయసు ధ్రువీకరణ పత్రం లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదు. అలా చేరినవారికి 14 ఏళ్లు దాటినా ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు ఉచితంగా చదివే హక్కుంది.

ఇంటి చదువును ఎంచుకునేవారు జనన ధ్రువపత్రం, ఆధార్‌, గతంలో చదివి ఉంటే బదిలీ పత్రం భద్రపరచుకోవాలి. బిడ్డకు 14 ఏళ్లు వచ్చేనాటికి ఏ బోర్డు పరీక్ష రాయించాలో నిర్ణయించుకోవడం శ్రేయస్కరం.