సెల్‌ఫోనులో వేధింపు: బిడ్డ చెప్పినపుడు పెద్దలు ఏమి చేయవలెను?

పూర్వము బడిగోడపై ఎవరో బొగ్గుతో ఒక పిల్లను గూర్చి వెక్కిరింతగా వ్రాసినచో సున్నము కొట్టినంతనే అది మాసిపోయెడిది. ఇల్లు చేరిన బిడ్డకు రాత్రియైనను ఊరట యుండెడిది. నేడు తరగతి పిల్లల వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఎగతాళి పడకవరకును వెంటవచ్చుచున్నది. మారుపేరుతో ఖాతా తెరచి నిందలు వ్రాయుట, ఫొటోలోని ముఖమును వేరొక దేహమునకు అతికించి పంచుట, అందరును కలసి ఒక్కరిని వెలివేయుట ఇవన్నియు సైబర్ వేధింపులే.

గ్రామములలో ఈ విషయము ముచ్చటించునపుడు పెద్దలు మాతో తరచుగా అను మాట యొకటి కలదు: "ఫోను లాగివేసినచో పీడ వదలును గదా!" వదలదు. ఆ ఫొటో తోటివారి ఫోనులలో తిరుగుచునే యుండును. పైగా, చెప్పినచో ఫోను పోవుననియు, ఆడపిల్లయైనచో చదువే మానిపింతురనియు భయపడి బిడ్డ నోరు విప్పదు. వేధించువానికి ఈ మౌనమే బలము. బిడ్డ అన్నము సరిగా తినకున్నను, కడుపునొప్పి సాకుతో బడి ఎగవేయుచున్నను, ఫోను మ్రోగగనే ఉలికిపడుచున్నను గద్దింపక, ప్రక్కన కూర్చుండి అడుగవలెను. "నీ తప్పు లేదు, బడి మానిపింపము" అను మాట అన్నిటికంటె ముందు చెప్పవలెను.

పిదప సాక్ష్యమును కాపాడవలెను. కోపముతో సందేశములను చెరిపివేయుట చాలమంది చేయు పొరపాటు. తెరపై నున్నది ఉన్నట్లు స్క్రీన్‌షాట్ తీసి, పంపినవాని నెంబరు, ఖాతా పేరు, తేదీ భద్రపరచిన పిమ్మటనే వానిని బ్లాక్ చేయవలెను. పిల్లల అశ్లీల చిత్రమును మాత్రము సలహాకొరకైనను ఇతరులకు పంపరాదు; అట్లు పంపుట ఐ.టి. చట్టము 67-బి సెక్షను క్రింద నేరము. మొదటిసారికే 5 ఏండ్లవరకు జైలుశిక్ష కలదు.

మాటల తగవైనచో ప్రధానోపాధ్యాయుని కలసిన చాలును. బెదిరింపులు, అశ్లీల చిత్రములు ఐనచో పోలీసులకు తెలుపక తప్పదు. ఇచ్చట పరువు ప్రసక్తి వచ్చును. 2012 నాటి పోక్సో చట్టము ఈ సంకోచమును ఎరిగియే చేయబడినది. లైంగిక వేధింపునకు గురియైన బిడ్డ వాఙ్మూలమును ఇంటివద్దనో, బిడ్డ కోరినచోటనో, వీలైనంతవరకు మహిళా ఎస్.ఐ. తీసికొనవలెను, అప్పుడామె యూనిఫారము ధరింపరాదు. బిడ్డ పేరు పత్రికలలో రారాదు.

వేధించినవాడును 18 ఏండ్లలోపువాడైనచో అతని విషయము బాలల న్యాయమండలి చూచును.

జాతీయ సైబర్ నేరముల పోర్టల్‌లో ఇంటినుండియే ఫిర్యాదు చేయవచ్చును. 1098 నెంబరునకు రాత్రింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును. బిడ్డ తానుగా చేసినను పలుకుదురు.